పనికి తగిన పద్ధతి

సాఫ్ట్‌వేర్ రాసే విభాగాలలో చిరకాలంగా తెగని వివాదమొకటి ఉన్నది. పని చేసే ముందు ఎంత రాయాలి, ఎవరి అనుమతి పొందాలి, ఎన్ని సంతకాలు కావాలి అన్నదే ఆ వివాదం. కొందరు కాగితమే పనికి శత్రువు అంటారు. తెలివైన నలుగురిని ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు వేస్తే చాలు, పని దానంతట అదే అవుతుందని వారి నమ్మకం. మరికొందరు కాగితం లేని పనిని పనిగానే ఒప్పుకోరు. ప్రతి అడుగుకూ ఒక ఫారం, ప్రతి ఫారానికీ ఒక సంతకం లేనిదే రేపు అడిగేవారికి ఏమి సమాధానం చెప్పగలమని వారి ప్రశ్న. ఈ రెండు పక్షాలలోనూ బుద్ధిమంతులే ఉన్నారు. రెండు పక్షాల మాటలోనూ సత్యమున్నది. అందువల్లనే వివాదం తెగలేదు.

మేము ఈ విషయాన్ని పుస్తకాలలో చదివినది కొంత, పైవారి ఉపన్యాసాలలో విన్నది కొంత. కాని దాని సారం మాకు బోధపడినది మాత్రం బిలాస్‌పూర్‌లో. అదీ కంప్యూటర్ల గదిలో కాదు, రైల్వే కాలనీలో ఒక విశ్రాంత స్టేషన్ మాస్టరు గారి వరండాలో. ఆ ముచ్చటను ఈ పత్రిక పాఠకులతో పంచుకొనడం ఉచితమని తోచింది. ఏలననగా ఇది ఒక్క సాఫ్ట్‌వేర్ వారి సమస్య కాదు. స్టోర్సులో, అకౌంట్సులో, మెయింటెనెన్సులో పనిచేసే ప్రతివారూ ఏదో ఒక రూపంలో దీనిని ఎదుర్కొంటున్నవారే.

బిలాస్‌పూర్ పేరు వినగానే మన వారికి రైలు జ్ఞాపకం వస్తుంది. 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారు వేసిన మార్గంతో ఈ ఊరి దశ తిరిగింది. ఆ కంపెనీ కొలువులో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారు ఖరగ్‌పూర్‌లోను, బిలాస్‌పూర్‌లోను, దారి పొడుగునా ఉన్న ఇతర రైల్వే ఊళ్ళలోను స్థిరపడ్డారు. వారి పిల్లలు, మనుమలు నేటికీ ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ ఉన్నారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి, బిలాస్‌పూర్ దానికి కేంద్ర స్థానమైంది. అంతకు ముందు అది ఆగ్నేయ రైల్వేలో ఒక డివిజను. కోర్బా వైపు నుండి వచ్చే బొగ్గు బండ్లతో రాత్రింబవళ్ళు నిద్ర ఎరుగని యార్డు అది. బుధవారి బజారులో కూరలు కొంటున్న మనిషికి కూడా యార్డు చప్పుడు విని ఏ లైనులో ఏ బండి కదులుతున్నదో చెప్పగలిగేటంత పరిచయం ఉంటుంది.

2004 నుండి కొన్ని సంవత్సరాలు మేము ఆ ఊరిలో ఒక కార్యాలయపు సిస్టమ్స్ విభాగంలో డెప్యుటేషనుపై పనిచేశాము. కార్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. ఇటువంటివి ఎక్కడైనా జరిగేవే. మా విభాగంలో ఉన్నవారు ఏడుగురు. జీతాలు, స్టోర్సు నిల్వలు, లారీల తూకపు చీటీలు, మృతి చెందిన ఉద్యోగుల కుటుంబాలకు నెలనెలా చెల్లించవలసిన మొత్తాలు, ఇవన్నీ లెక్కగట్టే ప్రోగ్రాములు మా ఏడుగురి చేతిలో ఉండేవి.

మేము చేరిన నాటికి అక్కడ పద్ధతి అన్నది బొత్తిగా లేదు. చురుకైన యువకుడొకరు ఉండేవారు. అకౌంట్స్ నుండి ఫోను వస్తే, రిసీవరు భుజానికి చెవికి మధ్య ఇరికించుకొని, నడుస్తున్న ప్రోగ్రామునే తెరచి, అవతలి వారు మాట్లాడుతుండగానే దిద్దివేసేవారు. అందరికీ ఆయన అంటే ప్రాణం. ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు జరిగిందో రాసినచోటు లేదు, అంతా ఆయన తలలోనే ఉండేది. కొంతకాలానికి ఆయనకు బదిలీ అయింది. మరి రెండు నెలలకు, నెలాఖరు రాత్రి, తూకపు చీటీల ప్రోగ్రాము ఆగిపోయింది. తెల్లవారేసరికి గేటు ముందు లారీలు బారులు తీరాయి. డ్రైవర్లు లారీల కింద నీడలో పడుకున్నారు. దిద్దుదామంటే ఏ ప్రతి అసలుదో, ఏది సగంలో వదిలినదో ఎవరికీ తెలియలేదు. చివరకు బదిలీ అయిన ఆయననే ఫోనులో పట్టుకొని, ఆయన చెప్పినట్లు టైపు చేసి, సాయంత్రానికి గండం గట్టెక్కించాము.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడం లోక సహజం. పై కార్యాలయం నుండి విచారణ వచ్చింది. విచారణ వెంట ఒక కట్ట వచ్చింది. ఆ కట్టలో 11 ఫారాలు. మార్పు కోరుటకు ఒకటి, కోరికను పరిశీలించుటకు ఒకటి, దాని ప్రభావాన్ని అంచనా వేయుటకు ఒకటి, ఇట్లా. 9 సంతకాలు. నెలకొకసారి సమావేశమయ్యే కమిటీ. ఏ పెద్ద సంస్థకో, వందలమంది పనిచేసే చోటుకో తయారైన దానిని ఏడుగురున్న మాకు అట్లాగే తొడిగారు. అన్నగారి చొక్కా తమ్ముడు వేసుకున్నట్లు, చేతులు దాటి గుడ్డ వేలాడసాగింది.

మొదట అందరమూ సంతోషించాము. ఇకపై లారీలు ఆగవని అనుకున్నాము. నిజమే, ఆగలేదు. కాని వేరొకటి ఆగింది.

మృతి చెందిన ఉద్యోగుల కుటుంబాలకు చెల్లించే మొత్తాల రేటు ఆ సంవత్సరం సవరించారు. ప్రోగ్రాము ఒక తేదీని చూసి కొత్త రేటు వర్తింపజేస్తుంది. పాత రిజిస్టర్ల నుండి ఎక్కించిన కొన్ని ఖాతాలలో ఆ తేదీ గడి ఖాళీగా ఉన్నది. ఖాళీగా ఉన్నవారిని ప్రోగ్రాము అనర్హులుగా భావించి పాత రేటే వేసింది. అటువంటి కుటుంబాలు 31. తప్పు మొదటి నెలలోనే బయటపడింది. దిద్దుబాటు రెండు పంక్తులు. రాయడానికి పావుగంట పట్టింది. అది అమలులోకి రావడానికి అయిదు నెలలు పట్టింది. మొదటి కమిటీకి ఒక సంతకం తక్కువైందని వాయిదా. రెండవ కమిటీకి ప్రభావ అంచనా ఫారం పాత నమూనాలో ఉన్నదని వాయిదా. మూడవ నెల కమిటీ కూర్చోలేదు. నాలుగవ నెల ఆమోదం. అయిదవ నెల అమలు.

ఆ 31 కుటుంబాలలో ఒకరు పలాస వైపు నుండి వచ్చిన పెద్దావిడ. హిందీలో తడుముకొనేది. కౌంటరు దగ్గర తెలుగు మాట వినబడేసరికి ఆమెకు ప్రాణం లేచి వచ్చినట్లయింది. ప్రతినెలా మొదటి వారంలో వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, "బాబూ, ఈ నెలైనా ఎక్కిందా?" అని అడిగేది. "కాగితం పైన ఉన్నదమ్మా, వచ్చే నెలకు అవుతుంది" అనేవారము. నాలుగవసారి ఆమె, "కాగితం పైకి వెళ్ళింది కానీ కిందికి దిగడం లేదా నాయనా?" అన్నది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలియక అడిగింది. బకాయి మొత్తం ఆమెకు ఆ తరువాత ఒక్కసారిగా ముట్టింది. కాని ఈలోగా చెవికమ్మలు తాకట్టుకు వెళ్ళాయని, వడ్డీ పోగా వచ్చినదాంట్లో మిగిలింది తక్కువేనని కాలనీవారు చెప్పగా విన్నాము.

పద్ధతి లేకపోవడం వల్ల లారీలు ఒక పగలంతా నిలిచాయి, ఊరందరికీ కనబడ్డాయి, విచారణ జరిగింది. పద్ధతి ఎక్కువ కావడం వల్ల 31 ఇళ్ళలో అయిదు నెలలు లోటు నిలిచింది, అది ఎవరికీ కనబడలేదు, దానిపై విచారణ జరగలేదు. ఈ తేడాయే మమ్మల్ని కలచివేసింది. లోపించిన పద్ధతి చేసే కీడు పెద్ద చప్పుడుతో వస్తుంది. మితిమీరిన పద్ధతి చేసే కీడు నిశ్శబ్దంగా వస్తుంది. అందుచేతనే కార్యాలయాలలో ఫారాలు పెరుగుతాయి గాని తరగవు.

మా క్వార్టరుకు నాలుగిళ్ళ అవతల ఒక విశ్రాంత స్టేషన్ మాస్టరు గారు ఉండేవారు. కాలనీలో అందరికీ ఆయన మాస్టారు గారే. సాయంకాలం వారి వరండాలో టీ తాగుతూ ఈ గొడవంతా విన్నవించాము. ఆయన నవ్వి, "మీరు ఫారాలు ఎన్ని ఉండాలని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు లేదండీ. మా దగ్గర నియమాలు ఎక్కడ ఉంటాయో అడగండి, చెబుతాను" అన్నారు. ఆనాడు ఆయన చెప్పినది మాకు పాఠమైంది.

రైల్వేలో నియమాలు మూడు అంతస్తులుగా ఉంటాయి. అన్నిటికీ పైన జనరల్ రూల్స్. దేశమంతటికీ ఒకటే. వాటికి అనుబంధంగా ఒక్కొక్క జోను తన పరిస్థితులను బట్టి చేసుకొన్న సబ్సిడియరీ రూల్స్. ఈ రెండిటినీ కలిపిన పుస్తకాన్నే జి అండ్ ఎస్ ఆర్ అంటారు. మూడవది స్టేషన్ వర్కింగ్ రూల్స్. ఇది ఆ స్టేషనుకే ప్రత్యేకం. ఎన్ని లైన్లు, ఎక్కడ వాలు, ఏ గేటు ఎక్కడ, ఏ పని ఎవరిది అన్నది అందులో ఉంటుంది. రెండు లైన్ల చిన్న స్టేషనుకు అది పలుచని పుస్తకం. బిలాస్‌పూర్ వంటి యార్డుకు లావుపాటి గ్రంథం. కొత్తగా వచ్చిన మాస్టరు దానిని చదివి, అర్థమైనదని రిజిస్టరులో సంతకం చేయనిదే డ్యూటీ చేపట్టడు. "బిలాస్‌పూర్ పుస్తకం తీసుకువెళ్ళి అడవి మధ్య స్టేషనులో పెడితే అక్కడి మాస్టరు బండి నడపలేడు. అక్కడి పుస్తకం తెచ్చి ఇక్కడ పెడితే బండ్లు గుద్దుకుంటాయి. మీకు ఎవరో పెద్ద జంక్షను పుస్తకం పంపించారు" అన్నారు మాస్టారు గారు.

తరువాత ఆయన ప్రైవేట్ నంబరు సంగతి చెప్పారు. ఒక మాస్టరు మరొక మాస్టరుకో, గేటు మనిషికో ఫోనులో ముఖ్యమైన హామీ ఇచ్చేటప్పుడు, తన దగ్గర ఉన్న అచ్చు కాగితం నుండి ఒక అంకె చెబుతాడు. అవతలివాడు రాసుకుంటాడు. చెప్పిన అంకెను ఇతడు కొట్టివేస్తాడు. పట్టే కాలం కొన్ని క్షణాలు. కాని ఆ అంకెతో నోటిమాట పత్రమవుతుంది. "నేను చెప్పలేదు" అనడానికి వీలుండదు, "విన్నాననుకున్నాను" అనడానికీ వీలుండదు. మూడు పుటల ఫారం చేయలేని పని రెండంకెల సంఖ్య చేస్తుంది. నియమం గొప్పతనం దాని పొడవులో లేదని మాకు అప్పుడే తెలిసింది.

ఇంటర్‌లాకింగ్ సంగతి అంతకంటె విలువైనది. ఒకప్పుడు పాయింట్లు సరిగా పెట్టారా లేదా అన్నది మనిషి శ్రద్ధపైనే ఆధారపడేది. 1856లో ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ పాయింట్లను, సిగ్నళ్ళను యంత్రంతో ముడిపెట్టే ఏర్పాటుకు పేటెంటు పొందాడు. నాటి నుండి ఆ విద్య పెరిగి పెరిగి, నేడు పాయింట్లు సరిగా లేనిదే సిగ్నలు పడని స్థితికి వచ్చింది. పుస్తకంలోని నియమం ఇనుములోకి, విద్యుత్తులోకి ఎక్కింది. మనిషి జ్ఞాపకం పెట్టుకోవలసినది తగ్గింది. యంత్రానికి అప్పగించగలిగిన నియమాన్ని మనిషి నెత్తిన ఉంచడం అన్యాయమని మాస్టారు గారి అభిప్రాయం.

అయితే అదే ఇంటర్‌లాకింగును దిద్దే సమయంలో నియమం సడలితే ఏమవుతుందో ఈ దేశం 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ స్టేషనులో చూసింది. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులో నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్న ఆ ప్రమాదంలో 290 మందికి పైగా మరణించారు. గతంలో సిగ్నల్ సర్క్యూటులో చేసిన మార్పులోను, గేటు బారియరు మార్చే పనిలోను జరిగిన లోపాలు కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలినట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. నడుస్తున్న సర్క్యూటును దిద్దడం, నడుస్తున్న ప్రోగ్రామును దిద్దడం ఒకే జాతి పనులు. దిద్దినవాడు కాక మరొకడు చూచి, పరీక్షించి, రాసి పెట్టవలసిన పనులు. ఈ మాట తలచుకొన్నప్పుడు పద్ధతులను ఎగతాళి చేయడానికి మాకు నోరు రాదు.

మాస్టారు గారు చివర చెప్పినది మరచిపోలేనిది. "రైళ్ళు ఆపడానికి సమ్మె ఒక్కటే దారి కాదండీ. వర్క్ టు రూల్ అని మరొకటున్నది. పుస్తకంలో ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా చేస్తామంటారు. ఎవరూ ఏ నియమమూ తప్పరు. బండ్లు మాత్రం కదలవు." నియమాలను పూర్తిగా పాటించడమే నిరసన రూపం కాగలిగితే, ఆ నియమాలకూ పనికీ మధ్య ఎక్కడో ఎడం ఉన్నదనే గదా అర్థం! ఆ ఎడాన్ని మంచి ఉద్యోగి తన వివేకంతో రోజూ పూడుస్తూ ఉంటాడు. మా 11 ఫారాల విషయంలో జరిగినది కూడా ఒక విధమైన వర్క్ టు రూలే. అందులో నిరసన లేదు, భయం మాత్రమే ఉన్నది.

ఆ తరువాత మేము ఈ విషయమై ప్రపంచంలో జరిగిన ఆలోచనను కొంత తిరగవేశాము. ఐబిఎంలో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే తన పుస్తకంలో ఒక చిన్న లెక్క చూపాడు. నలుగురు కలిసి పనిచేసే చోట ఒకరితో ఒకరు మాట్లాడుకొనవలసిన జంటలు 6. పదిమంది అయితే 45. ఇరవైమంది అయితే 190. నలుగురి మధ్య ఆరు దారులను టీ వేళ నిలబెట్టుకోవచ్చు. 190 దారులను నిలబెట్టడానికి కాగితం కావాలి. అంటే రాతపూర్వక పద్ధతి అన్నది మాట్లాడుకొనలేనిచోట మాటకు బదులు వచ్చిన సాధనం. మాట్లాడుకొనగలిగినచోట దానిని పెట్టడం పక్కింటివారికి రిజిస్టర్డ్ పోస్టు పంపడం వంటిది.

అమెరికాలో రక్షణ శాఖ ధనసహాయంతో 1984లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. మన డాక్టర్ రాజ్ రెడ్డి గారు పనిచేసిన విశ్వవిద్యాలయమే అది. అక్కడ వాట్స్ హంఫ్రీ ఆధ్వర్యంలో సంస్థల పరిణతిని అయిదు మెట్లుగా కొలిచే విధానం రూపొందింది. 1990 దశకంలో భారతీయ కంపెనీలు ఆ మెట్లను ఎంతో ఉత్సాహంతో ఎక్కాయి. సముద్రం అవతలి కొనుగోలుదారునికి, ముఖం చూడని మనిషిపై నమ్మకం కలిగించడానికి అది నిజంగా ఉపకరించింది. అయితే కొన్నిచోట్ల మెట్టు ఎక్కడమే గమ్యమైంది. దానికి ప్రతిక్రియగా 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే చోట 17 మంది నిపుణులు సమావేశమై, పద్ధతుల కంటె మనుషులకు, వారి సంభాషణకు పెద్దపీట వేయాలని ప్రకటించారు. తక్కువ పీట వేసిన వాటికి కూడా విలువ ఉన్నదని వారే ఆ ప్రకటనలో ఒప్పుకొన్న సంగతిని మాత్రం చాలామంది చదవరు.

ఆ రెండవ భాగం చదవనివారికి ఎదురుకాగల ప్రమాదానికి న్యూయార్కు మార్కెట్టులో ఒక ఉదాహరణ ఉన్నది. నైట్ కాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ 2012లో కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో పెట్టవలసి ఉండగా ఒకదానిలో పెట్టడం మరచిపోయింది. ఆగస్టు 1న మార్కెట్టు తెరచిన తరువాత సుమారు 45 నిమిషాలలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. పెట్టినవాని పనిని రెండవ మనిషి సరిచూడాలన్న రాతపూర్వక నియమం అక్కడ లేదని ఆ తరువాత విచారణలో తేలింది. వారికి కావలసినది 11 ఫారాలు కాదు. ఎనిమిది గడుల చీటీ ఒకటి, దానిని చదివే రెండవ మనిషి ఒకరు.

మన రైల్వేలోనే మంచి ఉదాహరణ ఉన్నది. టికెట్ల రిజర్వేషను కంప్యూటర్లు 1985లో ఢిల్లీలో మొదలై, క్రమంగా ఇతర కేంద్రాలకు వచ్చాయి. కాని చాలాకాలం ఏ కేంద్రం దారి దానిది. 1986లో ఏర్పడిన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అనగా క్రిస్ వారు, కన్సర్ట్ అనే సాఫ్ట్‌వేరును రూపొందించి, 1994లో మొదట మన సికింద్రాబాదులో అమలు చేశారు. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలన్నీ 1999లో ఒక వలగా కలిశాయి. ఒకేసారి అయిదు చోట్ల పెట్టక, ఒక చోట పెట్టి, నడిపి, చూచి, తరువాత మిగిలిన చోట్లకు వెళ్ళడంలోనే ఒక పద్ధతి ఉన్నది. అది ఫారాల పద్ధతి కాదు, క్రమం ఎరిగిన పద్ధతి.

ఇక మా విభాగం సంగతి. మేము మా పై అధికారి గారి వద్దకు వెళ్ళి, ఫారాలు తగ్గించమని అడగలేదు. ప్రతి ఫారం పక్కన, అది ఏ కీడును ఆపడానికి పుట్టిందో ఒక వాక్యం రాయడానికి అనుమతి అడిగాము. ఆయన చాలాసేపు ఆలోచించి, "మీరు చెప్పేది బాగానే ఉంది. కాని రేపు ఆడిట్‌లో సంతకమేదంటే అది నా మెడకు చుట్టుకుంటుంది గదండీ" అన్నారు. ఆయన మాటలో న్యాయమున్నది. ఆపద వచ్చినప్పుడు నిలబడవలసినది ఆయనే. అందుచేత సంతకం తీసివేయక, ఎక్కడ అవసరమో అక్కడికి చేర్చే ఉపాయం వెదికాము.

11 ఫారాలకు వాక్యాలు రాయగా, నాలుగింటికి మాత్రమే స్పష్టమైన వాక్యం దొరికింది. మూడింటికి ఒకే వాక్యం వచ్చింది, అంటే అవి మూడూ ఒకటే. మిగిలిన నాలుగింటికి ఏ వాక్యమూ రాలేదు. దీని ఆధారంగా మార్పులను మూడు తరగతులు చేశాము. అక్షర దోషాలు, నివేదికల ఆకృతి, ఒకే గడికి సంబంధించిన దిద్దుబాట్లు మొదటి తరగతి. వీటికి రాసినవారు ఒకరు, చదివినవారు ఒకరు, కుట్టిన రిజిస్టరులో ఒక వరుస, ఒక నంబరు. డబ్బు లెక్క మారేవి రెండవ తరగతి. వీటికి పై వాటితోపాటు గత నెల లెక్కను కొత్త ప్రోగ్రాముతో మళ్ళీ వేసి, పాత మొత్తంతో పోల్చి, తేడా ఎందుకు వచ్చిందో సంబంధిత శాఖవారు సంతకం చేయాలి. ఖాతాల నిర్మాణమే మారేవి మూడవ తరగతి. వీటికి కమిటీ, మిగిలిన ఫారాలు యథాతథం. రాత్రివేళ ఆపద వస్తే డ్యూటీలో ఉన్నవారు దిద్దవచ్చు. అయితే రెండవ మనిషికి ఫోను చేసి, నంబరు ఇచ్చిపుచ్చుకొని, మరునాడు రిజిస్టరులో ఎక్కించాలి. ఇది మాస్టారు గారి ప్రైవేట్ నంబరేనని వేరే చెప్పనవసరం లేదు.

ఈ ఏర్పాటుకు అభ్యంతరం ఊహించని చోటు నుండి వచ్చింది. మాలో అందరికంటె చిన్నవాడు, "సార్, ఫారాలు తీసేస్తే నాకు రక్షణ ఏది? పెద్దవాళ్ళు ఫోను చేసి ఇది మార్చు, అది మార్చు అంటే ఇప్పుడు ఫారం పంపండి అంటున్నాను. రేపు ఏమనాలి?" అన్నాడు. అంతవరకు మేము ఫారాన్ని పనికి అడ్డుగానే చూశాము. అది బలహీనునికి గొడుగు కూడా అని ఆ కుర్రవాని మాటతో తెలిసింది. కనుక రిజిస్టరులో "కోరినవారు ఎవరు" అన్న గడి ఒకటి చేర్చి, అది ఖాళీగా ఉంటే ఎంతటివారి మాటైనా పని మొదలుపెట్టరాదని రాశాము. ఆ ఒక్క గడి పెట్టిన మొదటి నెలలోనే నోటిమాట కోరికలు బాగా తగ్గాయి.

గత నెల లెక్కతో పోల్చే పనిని మొదట చేతితో చేసేవారము. విసుగు పుట్టేది, విసుగు పుట్టిన చోట తప్పు దొర్లుతుంది. దానిని చిన్న ప్రోగ్రాముగా రాసి, పోలిక కుదరనిదే కొత్త ప్రతి అమలులోకి పోని విధంగా ముడిపెట్టాము. తేదీ గడి ఖాళీగా ఉన్న ఖాతాలను వెదికి పట్టియిచ్చే పరీక్ష కూడా అందులోనే చేరింది. ఇంటర్‌లాకింగ్ మా గదిలోకి వచ్చింది. అటుపై చిన్న దిద్దుబాట్లు రెండు మూడు రోజులలోను, డబ్బు దిద్దుబాట్లు ఆ నెలలోనే జరిగాయి. తూకపు చీటీలు మళ్ళీ ఆగలేదా అంటే, ఒకసారి ఆగాయి. ఒక గంటలో పాత ప్రతికి తిరిగి వెళ్ళగలిగాము. ఏది పాత ప్రతియో రిజిస్టరులో ఉన్నది గనుక.

అంతా శుభమని చెప్పి ముగించడం సులభం, కాని సత్యం కాదు. మేము బిలాస్‌పూర్ విడిచిన రెండేళ్ళకు, అక్కడి మిత్రుడొకరు ఫోనులో, నాలుగు ఫారాలు ఏడు అయ్యాయని చెప్పారు. ఏదో చిన్న పొరపాటు జరిగిన ప్రతిసారీ ఒకటి చేరిందట. పొలంలో కలుపు వంటిది ఇది. ఒకసారి తీస్తే మళ్ళీ మొలవదని ఏ రైతూ అనుకోడు. రైల్వేవారు తమ నియమ గ్రంథానికి కరెక్షన్ స్లిప్పులు అచ్చువేసి పంపుతారు, సిబ్బంది పాత నియమంపై అతికిస్తారు. అతికించడం వారికి వచ్చినట్లే, చింపివేయడం కూడా కార్యాలయాలకు రావాలి. ఫారం పుట్టిన రోజునే దానిని తిరిగి పరిశీలించే తేదీ కూడా దానిపై అచ్చయితే మేలని ఇప్పుడు మాకు తోస్తున్నది.

పద్ధతి ఎంత ఉండాలన్న ప్రశ్నకు అంకె రూపంలో జవాబు లేదు. వంటలో ఉప్పు ఎంతని అడిగితే, ఎందరికి, ఏ కూరకు అని ఎదురు ప్రశ్న వేస్తారు మన ఇండ్లలో. ఇక్కడా అంతే. ఎందరు కలిసి చేస్తున్నారు, తప్పితే ఎవరికి ఎంత నష్టం, తప్పును వెనక్కు తీసుకొనడం ఎంత సులభం అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకొంటే, పాళ్ళు దానంతట అదే తేలుతుంది. వాటికి మేము నాలుగవ ప్రశ్నను కూడా చేర్చుకొన్నాము. ఈ కాగితం పైన ఉన్నంతకాలం కింద కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నది ఎవరు? ఫారం తయారుచేసే ప్రతి అధికారీ ఈ ప్రశ్నను తన బల్ల మీద రాసిపెట్టుకొంటే, మన సంస్థలలో పద్ధతీ నిలుస్తుంది, పనీ నడుస్తుంది.